పాతరలోకి దించిన ఆముదపు దీపం

ఈ యుద్ధం మొదలైనప్పటి నుంచి సికింద్రాబాదులో సంసారం చేయడమంటే వరసలో నిలబడటమే అయిపోయింది. కిరసనాయిలుకు ఒక వరస, చక్కెరకు ఒక వరస, ముతక చీరకు ఇంకొకటి. నాకు మామూలుగానే ఓపిక తక్కువ. ఎండాకాలం చివర్లో ఒకరోజు సీసా పట్టుకుని పొద్దంతా నిలబడితే, సరిగ్గా నా వంతు వచ్చేసరికి కొట్టువాడు డబ్బా బోర్లించి చూపించి తలుపేసుకున్నాడు. ఆ ఖాళీ సీసాతో ఇంటికొచ్చి, సిద్దిపేటలో మా అక్క దగ్గరికి పోయి వస్తానని మా ఆయనతో చెప్పేశాను. ఉప్పు, ఇనుప సామాను తప్ప అక్క బజారులో ఏదీ కొనదని మా చుట్టాల్లో పేరు. కొందరు దాన్ని పిసినారితనం అంటారు. నేనూ అన్నదాన్నే. ఇప్పుడు అవసరం పడింది కాబట్టి ఆ విద్యేమిటో కళ్లారా చూసి నేర్చుకుందామని బయలుదేరాను. మీలో చాలామందిదీ ఇదే అవస్థ గనుక దారి వివరాలతో సహా రాస్తున్నాను.

కరీంనగర్ వెళ్లే బస్సు సికింద్రాబాదులో తెల్లవారగానే కదులుతుంది. టికెట్టు నిజాం హాలీ సిక్కాల్లో రెండు రూపాయల లోపే. పెట్రోలు దొరకక ఇప్పుడు బస్సులు బొగ్గు గ్యాసు మీద నడుస్తున్నాయి. బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ము, అందులో బొగ్గులు. క్లీనరు చక్రం తిప్పి తిప్పి గాలి కొడితే తప్ప ఇంజను లేవదు. వెనక సీటు ఖాళీగా ఉంది కదా అని నేను హాయిగా కాళ్లు చాపుకున్నాను. డ్రైవరు ఖాసిం సాబు అద్దంలోంచి చూసి గట్టిగా కేకేశాడు.

"ఎనక కూసోకమ్మా, ముందుకు రా! గ్యాసు లోపటికి కొడతది."

"నాకేం వాసన వస్తలేదు గదా?" అన్నాను, లేవడానికి బద్ధకించి.

"గదే తమాషా. దానికి వాసనుండది. ఊకె నిద్రొచ్చినట్టు అయితది, మాట ముద్ద ముద్దగ వస్తది. మొన్న మా క్లీనరు గట్లనే ఒరిగిండు. ఎత్తుకపోయి గాలికి పండవెడితె లేసిండు."

ఆ మాట విన్నాక ముందు సీటుకు మారక చస్తానా! ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ప్రజ్ఞాపూర్‌లో బస్సు నీళ్లకు ఆగినప్పుడు అందరం దిగి చాయ్ తాగాం. అక్కడే వాన అందుకుంది. మృగశిర ఇంకా రానేలేదు, అయినా ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. అంతకుముందు రాత్రి సిద్దిపేటలో ఇంకా పెద్ద వాన పడిందని అటు నుంచి వచ్చే బండివాళ్లు చెప్పారు. దారిలో రెండుచోట్ల బురదలో దిగి బస్సును తోశాం. సిద్దిపేట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాన వెలిసింది గానీ పడమట మళ్లీ నల్లగా కమ్ముకొస్తోంది. కోమటి చెరువు మీదుగా అక్క ఇంటికి నడిచే వెళ్లొచ్చు, జట్కా కట్టించుకోనక్కర్లేదు.

వాకిట్లోకి అడుగుపెట్టగానే ఏదో జరిగిందని తెలిసిపోయింది. ఏడాది తర్వాత వచ్చిన చెల్లెలిని చూసి అక్క నవ్వనైనా నవ్వలేదు. పెరటి మూల నేలకేసి చూస్తూ నిలబడింది. "వచ్చినవా? కాళ్లు గడుక్కో. గటు మాత్రం తొక్కకు. పాతర కుంగింది," అంది.

పట్నంలో పుట్టినవాళ్లకు పాతర అంటే తెలియకపోవచ్చు. గట్టి మొరం నేలలో కుండ ఆకారంలో గొయ్యి తవ్వుతారు; పైన మెడ ఇరుకు, లోపల కడుపు వెడల్పు. చుట్టూ గడ్డి పేర్చి జొన్నలు పోసి, మూతికి బండ పెట్టి మట్టితో మెత్తుతారు. పురుగు పట్టదు, ఎలుక రాదు. అక్కవాళ్లు శివరాత్రికి సగం తీసుకుని, మిగతా సగం కొత్త పంట దాకా తిండికని మళ్లీ మూసేశారు. ఇప్పుడు ఆ మూతి చుట్టూ మట్టి జానెడు కిందికి దిగి నీళ్లు నిలిచి ఉన్నాయి. లోపల జొన్నలు తడిస్తే రెండు రోజుల్లో మొలకెత్తి కుళ్లిపోతాయి. ఈ ఏడు బజారులో డబ్బు పెట్టినా జొన్న దొరకదు. అక్క, బావ, ఇద్దరు పిల్లలు కార్తీకం దాకా ఏం తినాలి? సాయంత్రం వాన మళ్లీ పడేలోగా పాతర తీసి చూడాల్సిందే.

మా బావ మల్లయ్య అప్పటికే బండ జరిపేశాడు. అంత కంగారులోనూ నన్ను చూసి ఊరుకోలేదు. "ఏం మరదలా, సర్కారు బియ్యం తిని గింత చిక్కినవు? గా గాలివాన నిన్ను ఎత్తుకపోకుంట ఎట్ల ఇడిసింది?" అన్నాడు. నవ్వాను గానీ, బావ అప్పటికే మళ్లీ పాతర మూతి మీదికి వంగాడు.

"తీసినవు గదా, ఇగ ఇట్ల రా," అని అక్క పిలిచింది. "జొన్న గట్క ఉడకాలె, తినాలె, గిన్నెలు తోమాలె. గప్పటిదాక దాని జోలికి పోవద్దు. మా అత్త ఎప్పుడు గట్లనే చేసేది."

మూసిన పాతరలో చెడ్డగాలి చేరుతుందట. మూతి తెరిచి ఒక పూట తిండి అయ్యేదాకా వదిలేసి, ఆ తర్వాత దీపం దించి చూడటం అక్కడి పద్ధతి. దీపం నిలిస్తే మనిషి దిగుతాడు. బావ మబ్బుకేసి చూశాడు, పొయ్యికేసి చూశాడు, గొణుక్కుంటూ కూలబడ్డాడు.

నేను నేర్చుకోవడానికి వచ్చింది ఆ వంటింట్లోనే ఉంది, కానీ మనసు పెరటిలో ఉంటే ఏం నేర్చుకుంటాను? అయినా కళ్లు చూస్తూనే ఉన్నాయి. అగ్గిపెట్టె లేదు, రాత్రి బూడిదలో కప్పిపెట్టిన నిప్పునే ఊది పొయ్యి రాజేసింది. దీపంలో ఆముదం గట్టు మీది చెట్లదే, గింజలు వేయించి దంచి నీళ్లలో మరిగించి తీసింది. ఒత్తులకు పెరట్లోని పత్తి చెట్టు. గిన్నెలకు బూడిద, తలకు కుంకుడు, తినడానికి మోదుగాకుల విస్తర్లు. స్నానాల గది నీళ్లు చిన్న కాలువలో బీరపాదుకు పోతున్నాయి. దూలానికి వేలాడుతున్న మోకు కూడా జనుము నారతో వాళ్లే పేనుకున్నారు. ఆ ఇంట్లో కొన్నది ఒక్కటే కనిపించింది, గూట్లో తళతళలాడుతున్న టార్చిలైటు, బావ మాటల్లో బ్యాటరీ. సెలవు మీద వచ్చిన సిపాయి ఒకడు అంగట్లో అమ్ముతుంటే బావ ముచ్చటపడి కొన్నాడట. "నాకు సవతిని తెచ్చిండు," అంది అక్క, గట్క కలుపుతూ.

గట్క ఇంకా కుతకుతమంటుండగానే ఉరుము ఉరిమింది. బావ ఇక ఆగలేదు. "నువ్వు గిన్నెలు తోమేటాలకు వాన పాతర్ల పడ్తది," అని చెంబులో దీపం పెట్టి, తాడు కట్టి దించాడు. మెడ దాటి జానెడు దిగిందో లేదో, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరింది.

"చూసినవా?" అంది అక్క.

"ఏం చూస్తవు, గాలి కొడుతుంది!" అన్నాడు బావ. నిజమే, పెరట్లో గాలి చెట్లను ఊపేస్తోంది. నాకూ అలాగే అనిపించింది. బావ లోపలికి పోయి టార్చి తెచ్చాడు, మీట నొక్కి లోపలికి కొట్టాడు. పాతర కడుపంతా పట్టపగలులా కనిపించింది. పచ్చని జొన్నలు, ఒక పక్క గోడ వెంట నల్లగా తడి మరక. "గదిగో, నీళ్లు దిగుతున్నయి! ఇంక ఊకుంటె అంత ఖరాబైతది. దీనికి గాలి లేదు, గీలి లేదు, చూడు ఎంత మంచిగ వెలుగుతుందో!" అని ధోవతి ఎగ్గట్టాడు.

అక్క పరిగెత్తుకొచ్చి నడుం పట్టుకుంది. "మోకు గట్టుకోని దిగు. లేకుంటె నా పీనుగ మీదికెల్లి పో."

బావ నవ్వి, ఆమె తృప్తికోసం చంకల కింద మోకు కట్టించుకున్నాడు. మోకు రెండో కొస అక్క రాతి కట్టుగుంజకు చుట్టింది. టార్చి పట్టుకుని బావ మెడలోంచి జారి జొన్నల మీదికి దిగాడు.

"గొద్దిగనే తడిసింది!" అని కిందినుంచి కేక. నాకు ప్రాణం లేచొచ్చింది. తడి జొన్నల గంప ఒకటి పైకి వచ్చింది, అక్క, నేను లాగి కుమ్మరించాం. రెండో గంప సగమే నిండి వచ్చింది. ఖాళీ గంప దించాక చాలాసేపు తాడు కదల్లేదు.

"ఏం బావా, నడుం నొస్తుందా?" అని నేను వంగి అరిచాను.

"మరదలా... గంప... గంప ఏడ..." అన్నాడు. గంప అతని కాళ్ల దగ్గరే ఉంది. మాట నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు ఉంది. ఎప్పటిలాగే నన్ను ఆట పట్టిస్తున్నాడనుకుని నవ్వబోయాను. అప్పుడు ఖాసిం సాబు మాట చెవిలో మోగింది. నిద్రొచ్చినట్టు అయితది, మాట ముద్ద ముద్దగ వస్తది.

"అక్కా, గుంజు!" అని అరిచాను. ఇద్దరం మోకు పట్టి లాగాం. బావ ఒరిగిపోయాడు, బరువు రాయిలా ఉంది, మూరెడు కూడా లేవలేదు. నా అరుపులకు పక్కింటి నేతవాళ్లు, అన్నదమ్ములిద్దరు, మగ్గాల మీంచి లేచి పరిగెత్తుకొచ్చారు. నలుగురం కలిసి లాగితే మోకు రాతి అంచుకు ఒరుసుకుంటూ కిర్రుమంది. ఎక్కడ తెగుతుందోనని భయపడుతూనే లాగాను. వంగి చూస్తే లోపల టార్చి జొన్నల మీద పడి, పైకి తేలుతున్న బావ కాళ్లను చూపిస్తూ నిక్షేపంగా వెలుగుతోంది. దాని మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మోకు తెగలేదు. బావను బయటికి తీసి గాలికి ఎదురుగా పడుకోబెట్టాం. మొహం నీలంగా ఉంది. అక్క ఏడవలేదు. అతని ఛాతీ మీద చెయ్యి వేసి, "లే, ఏమయ్యో, లే," అని మెల్లగా పిలుస్తూనే ఉంది. అంత భయం నేను జన్మలో పడలేదు. ఎంతసేపటికో ఒక దగ్గు వచ్చింది. ఇంకొకటి. కళ్లు తెరిచి చుట్టూ చూశాడు.

"బ్యాటరీ ఏడుంది?" అన్నాడు.

అప్పుడేడ్చింది అక్క. ఏడుస్తూ ఆ టార్చిని, దాన్ని అమ్మిన సిపాయిని, వాడిని పంపిన యుద్ధాన్ని కలిపి తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాస్తే అచ్చువేయరు.

ఆ తర్వాత పని అక్క చెప్పినట్టే జరిగింది. పెద్ద వేపకొమ్మ విరిచి, తాడు కట్టి, మజ్జిగ చిలికినట్టు పాతరలో పైకీ కిందికీ లాగాం. చేతులు పడిపోయాయి, మబ్బు నెత్తి మీదికొచ్చింది, అయినా అక్క ఆపనివ్వలేదు. దీపం దించితే ఆరింది. మళ్లీ కొమ్మ. మళ్లీ దీపం. చివరికి దీపం జొన్నల మీద దాకా దిగి, కదలకుండా నిలిచింది. అప్పుడు కూడా నేతవాళ్లలో పెద్దాయన మోకు కట్టుకునే దిగాడు. చివరి గంపలు పైకి వస్తుండగా చినుకులు మొదలయ్యాయి. జొన్నలన్నీ ఇంట్లోకి చేరాయి. తడిసినవి వేరుచేసి నట్టింట్లో చాపల మీద ఆరబోశాం, మంచివి గుమ్ముల్లోకి, కుండల్లోకి పోశాం. కార్తీకం దాకా తిండికి ఢోకా లేదని తేలాక అందరం చల్లారిన గట్క తిన్నాం. బావ గోడకు ఆనుకుని, అక్క చేతి ముద్దలు చిన్నపిల్లాడిలా మింగాడు. ఒక్క వేళాకోళం ఆడలేదు.

పెద్దాయన పైకి తెచ్చేసరికే టార్చి వెలుగు ఎర్రబడింది, తెల్లారేసరికి పూర్తిగా పోయింది. దానిలో వేసే సెల్లులు, అక్కడివాళ్లు మసాలా అంటారు, ఇప్పుడు సిద్దిపేటలో ఎక్కడ దొరుకుతాయి? నేను బయలుదేరే రోజు అక్క దాని అడుగు మూత తిప్పి, పాడైన మసాలా పారేసి, లోపల శుభ్రంగా తుడిచి, బూడిద కలిపిన బీర, సొర, చిక్కుడు గింజలు నింపి మూత బిగించింది. "తీస్కపో. ఇగ గిప్పుడు పనికొచ్చింది," అంది. బావ గుమ్మంలో నిలబడి చూశాడు గానీ అడ్డు చెప్పలేదు. "పైలంగ పో మరదలా. ముందు సీట్ల కూసో," అన్నాడు.

కొనకుండా ఎలా బతకాలో నేర్చుకుందామని వెళ్లాను. ఆముదం తీయడం, నిప్పు దాచడం, వాడిన నీళ్లు పాదుకు మళ్లించడం నేర్చుకున్నాను, మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నాను కూడా. కిరసనాయిలు వరసలో నన్ను మీరిక చూడరు. ఆముదం వెలుగు మసకే, దాంట్లో చదివితే కళ్లు నొప్పులు పుడతాయి, అబద్ధం చెప్పను. కానీ ఆ దీపం మనం పీల్చే గాలే పీలుస్తుంది. మనకు గాలి లేనిచోట దానికీ ఉండదు. ఆ రోజు అది రెండుసార్లు ఆరి చెప్పింది, మేమే గాలి మీదికి నెట్టేశాం. అక్క అత్తగారు ఎప్పుడో చెప్పిపోయిన ఆ ఒక్క పూట ఆగాలన్న మాటను అక్క నమ్మింది కాబట్టే మోకు కట్టింది, మోకు కట్టింది కాబట్టే ఇవాళ నాకు బావ ఉన్నాడు.

మీకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. పాతరలోకి గానీ, పాడుబడ్డ బావిలోకి గానీ ఎవరైనా దిగబోతుంటే ముందు దీపం దించండి. అది ఆరిపోతే, వాన ఎంత తరుముకొస్తున్నా సరే, అందరినీ కూర్చోబెట్టి అన్నం పెట్టండి.