అవ్వ నమిలిన ఆకు

పాన్ డబ్బా దగ్గర తమలపాకు వాసన తగిలితే నాకు ఇప్పటికీ సునీత మీద కుళ్లు పుడుతుంది. ఎనభైల్లో, బొంబాయి కామాటిపురలో, వరస గదుల చాల్‌లో మా పక్క ఖోలీ పిల్ల. వాళ్ల అవ్వ ఆకు నములుతూ పొద్దంతా సునీతతో ముచ్చట్లు పెట్టేది. మా అమ్మ కూలికి వెళ్లి చీకటిపడ్డాక వచ్చి, "తిను, పండుకో" అనేది, అంతే. బడిలో ఏమడిగినా సునీత గలగలా చెప్పేది. నాకు నోరు పెగిలేది కాదు. మాటలన్నీ ఆ ఆకులోనే ఉన్నాయనుకున్నాను.

"అవ్వా, నాకు గూడ జరంత ఆకు ఇయ్యవా?"

"పిల్లలు తినొద్దు బిడ్డా" అంటూనే సున్నం, వక్క పెట్టి చిన్న ముక్క ఇచ్చింది. నోరైతే ఎర్రగా పండింది. మర్నాడు బడిలో మాట మాత్రం రాలేదు.

ఇప్పుడు నా కూతురితో పొద్దంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాను.

"బస్ అమ్మా, ఎంత మాట్లాడ్తవ్!" అని విసుక్కుంటుంది.

విసుక్కునేన్ని మాటలు అమ్మ నోట వింటున్న దాన్ని చూసినా నాకు కుళ్లే.