లింగన్న వంతు నీళ్లు

ఏళ్ల తరబడి ఒక మాటను గొంతులోనే అట్టిపెట్టుకున్నాను. ఇప్పటికీ ఎక్కడైనా నడుస్తున్న పంపు ఆగితే చేస్తున్న పని వదిలేసి కూర్చుండిపోతాను. మా ఇంటిది బీపీ అనుకుంటుంది. అనుకోనిచ్చాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

గోదావరిఖని దగ్గర మా వైపు పొలంలో బావినీ బాయి అనే అంటాం, బొగ్గు గనినీ బాయి అనే అంటాం. బొగ్గు బాయి లోతుకు పోయేకొద్దీ మా పొలాల బాయిలు ఎండిపోయాయి. గనిలో ఊరిన నీళ్లను పైకి తోడి ఒర్రెలోకి, అంటే చిన్న వాగులోకి, వదిలేవారు. చిన్న రైతులం ఆ నీళ్లతోనే వరి వేసేవాళ్లం. గడియారాలు ఎవరికున్నాయి? షిఫ్టు మారినప్పుడల్లా మోగే గని సైరన్ నుంచి సైరన్ దాకా ఒకరి వంతు. మధ్యలో నీళ్లు ఆగితే ఆ వంతు పోయినట్టే, తిరిగి రాదు. ఆ కట్టుబాటు పెట్టినవాళ్లలో మా నాయన ఒకడు.

ఆ నీళ్లు తోడే పంపు దగ్గరే నా డ్యూటీ, గని అడుగున. నా పొద్దుటి షిఫ్టంతా, మాలాగే చిన్న రైతైన లింగన్న వంతు. తర్వాతి సైరన్‌కు మా వంతు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ ఎండాకాలం, వరి పొట్టకొచ్చినప్పుడు, షిఫ్టు చివర్లో పంపు ఆపడం మొదలుపెట్టాను. గని అడుగున ఊట చేరే గుంటలో నీళ్లు పోగయ్యేవి. నా తర్వాత వచ్చినవాడు పంపు వేయగానే అవన్నీ మా మడికి పారేవి. మా ఇంట్లో ఆరుగురం తినాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. లింగన్న ఇంట్లో ఎంతమందో తెలియదా? తెలుసు. ఏడుగురు.

ఒకరోజు నీళ్లు గుంట పొర్లి, మనుషులు బొగ్గు నింపే దారిలోకి పాకాయి. పంపు వేద్దామని లేచేసరికి అటు నుంచి ఒక దీపం వచ్చింది. లింగన్న. బొగ్గు నింపే పని ఆయనది. పైన ఆయన మడి నెర్రెలు బారుతుంటే కింద ఆయన కాళ్లు చీలమండల దాకా తడిశాయి.

"ఏంది తమ్మీ, గిక్కడిదాంక వచ్చినయి నీళ్లు?"

"మోటరు ఏడెక్కిందన్నా. సల్లారినంక ఏస్త."

ఆయన మోటరు మీద అరచెయ్యి పెట్టాడు. అది ఎప్పుడో చల్లబడింది. కాసేపు చెయ్యి తియ్యలేదు. నా వైపు చూడలేదు.

"సల్లగనే ఉన్నది. మోటరు ఏయ్ తమ్మీ. లోపట మనోళ్లున్నరు."

అంతే, వెనక్కి వెళ్లిపోయాడు.

మళ్లీ ఎప్పుడూ పంపు ఆపలేదు. కానీ ఆయన వరి అప్పటికే గింజ పట్టక తాలుపోయింది. ఈరోజు ఊళ్లో చెబుతాడు, రేపు చెబుతాడు అని తేలు కుట్టిన దొంగలా తిరిగాను. చెప్పలేదు. మరుసటి ఏడు ఆయన సేద్యం మానేస్తే ఆ మడిని మేమే కౌలుకు చేశాం. ఆ బియ్యం తిన్నాను.

ఆయనకు తెలిసిందా? తెలిస్తే, అదే నీళ్లలో నిలబడి కూడా ఎందుకు ఊరుకున్నాడు? దారిలో కనిపిస్తే "బాగున్నవా తమ్మీ" అనేవాడు. ఆ పలకరింపుకు భయపడి వేరే దారిన పోయేవాణ్ని. ఇప్పుడాయన లేడు. భయం మాత్రం ఉంది. అయినా ఒక్కసారి పైకి అననివ్వండి.

మోటరు ఏడెక్కలే, లింగన్నా. నేనే ఆపిన.