మస్తాన్ బాబాయి చివరిగా చెప్పిన ఈరోజు విశేషాలు

రాతలో తప్పులుంటే క్షమించండి. నేను ఏడో క్లాసుతో ఆపేశాను. మన వీధి గ్రూపులో దండం బొమ్మ పెట్టడమే గానీ ఇంత మెసేజ్ ఎప్పుడూ రాయలేదు. ఒత్తులు ఎక్కడ పడుతున్నాయో కూడా చూసుకోవట్లేదు.

నిన్న సాయంత్రం మా ఆయన కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోన్ చేశారు. "బకెట్ల మస్తాన్ బాబాయి పోయాడంట. మిరప కల్లాల దగ్గర పడిపోయాడంట. వడదెబ్బ" అన్నారు.

నమ్మలేదు.

పొద్దున్నేగా నాకు మగ్గు ఇచ్చి వెళ్ళాడు.

ఫోన్ పెట్టేసి ఆ మగ్గు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఊళ్ళో లేనివాళ్ళకి చెప్తున్నా. మోపెడ్ నిండా బకెట్లు, టబ్బులు, వెనక మైకు. పాత ప్లాస్టిక్ వేస్తే కొత్తది ఇస్తాడు. వేరే వాళ్ళ మైకులో సరుకు పేర్లే వస్తాయి. బాబాయి మైకులో ముందు ఈరోజు విశేషాలు, ఆ తర్వాతే బకెట్లు.

"చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన రోజమ్మా. అక్కడంతా గుంతలేనంట. మన రోడ్డే నయం!"

"సుబ్బులు పిన్ని గేదె తప్పిపోయి ఇవాళ్టికి ఏడాది. గేదె మర్చిపోయింది గానీ పిన్ని మర్చిపోలా!"

పిన్ని చీపురు తీసుకుని వెంటపడేది. అయినా మర్నాడు ముందు నిలబడి వినేది ఆవిడే.

మధ్యాహ్నం అన్నం తిని మసీదు అరుగు మీద కూర్చుని, ఫోన్లో వెతికి, మర్నాటివి ముందే రికార్డు చేసుకునేవాడు. ఆ మైకులో ఒక్క రికార్డే ఉంటుంది. కొత్తది చెప్తే పాతది పోతుంది.

ఇప్పుడు నా సంగతి.

పాప పుట్టకముందే బాబాయి దగ్గర చిన్న గులాబీ రంగు టబ్బు కొన్నాను. కడుపులో ఉండగా ఏమీ కొనకూడదని అత్తయ్య కోప్పడింది. మంచం కింద దాచుకున్నాను.

పాప ఒక్క పూటే ఉంది.

ఆ టబ్బుని అత్తయ్య పాత సామాన్లలో కలిపి బాబాయికే వేసేసింది. ఇక ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ కడుపు నిలవదంట.

కొన్నాళ్ళకి బాబాయి బకెట్ ఇస్తూ మెల్లగా అడిగాడు, "ఏ రోజు పుట్టిందమ్మా?"

చెప్పాను.

"ఓయమ్మో! ఎవరెస్టు ఎక్కిన రోజు! పెద్ద రోజే చూసుకుని వచ్చింది నీ కూతురు!"

నా పిల్ల గురించి ఒక మనిషి నవ్వుతూ మాట్లాడటం అదే మొదలు. పేరు అడిగాడు. నా మనసులో పెట్టుకున్న పేరు ఆయనొక్కడికే చెప్పాను.

ఆ టబ్బు ఆయన ఎవరికీ అమ్మలేదు. మోపెడ్ ముందు కట్టుకుని నీళ్ళ సీసా పెట్టుకునేవాడు.

ఇవాళ పొద్దున వాకిలి ఊడుస్తుంటే మైకు వినిపించింది.

బాబాయి గొంతే.

చీపురు జారిపోయింది.

సుబ్బులు పిన్ని పగిలిన బిందె పట్టుకుని "వచ్చాడు" అంటూ బయటికొచ్చింది. అప్పుడు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయింది. వీధి కుక్క మాత్రం రోజూలాగే తోక ఊపుకుంటూ ఎదురెళ్ళింది.

ఎండ అప్పటికే తెల్లగా కాస్తోంది. మోపెడ్ వస్తోంది. బకెట్ల చాటున మనిషి మొహం కనపడట్లేదు.

"అమ్మలారా, ఈరోజు విశేషాలు. ఎవరెస్టు మీద మనిషి మొదటిసారి నిలబడ్డ రోజు. వాళ్ళకి మంచు, మనకి రోహిణి కార్తె. ఎవరి కొండ వాళ్ళది. ఎక్కడో వెయ్యేళ్ళ కోట కూలిన రోజు కూడా ఇదే. కోటలు కూలతాయి గానీ నా బకెట్లు పగలవమ్మా!"

దగ్గరికొచ్చాక చూస్తే బండి మీద బాబాయి అల్లుడు బాజీ అన్న. కల్లాల దగ్గర వదిలేసిన బండిని ఇంటికి తీసుకెళ్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆపరా నాయనా, భయమేస్తోంది!" అంది పిన్ని.

"ఎట్టా ఆపాలో తెలియట్లేదు పిన్నీ! తాళం తిప్పితే ఇది మోగుతోంది, తాళం తీస్తే బండి ఆగిపోతోంది!"

మైకులో బాబాయి గొంతు ఆగలేదు.

"ఇంకా, ఈరోజు మన ఊళ్ళో ఒక పాప మొదటి పుట్టినరోజు. దీవెన. హ్యాపీ బర్త్‌డే తల్లీ. బకెట్లు, టబ్బులు, మగ్గులూ..."

"దీవెన ఎవరే? మన వీధిలో ఆ పేరుగల పిల్ల లేదే" అంది పిన్ని.

అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న అత్తయ్య చేతులు ఆగిపోయాయి.

మోపెడ్ ముందు గులాబీ టబ్బు. సీసా లేదు. ఖాళీగా ఊగుతోంది.

వీధి చివరిదాకా అదే రికార్డు మళ్ళీ మళ్ళీ. ఇంట్లో ఎవరూ ఎత్తని నా పిల్లని ప్రతి గడప ముందూ పేరు పెట్టి పిలిచాడు బాబాయి.

నేనూ వెనకే వెళ్ళాను. బాబాయిని వాళ్ళ వాకిట్లో తెల్లగుడ్డ కప్పి పడుకోబెట్టారు. బాజీ అన్న తాళం తీయబోతే బాబాయి భార్య చెయ్యి పట్టుకుంది. "ఉండనీ బాజీ. ఆయన చెప్పింది ఆయన్ని కూడా విననీ" అంది.

గుడ్డ కింద ఆయన. పక్కన ఆయన గొంతు, బకెట్లు కొనమని పిలుస్తూ.

కాసేపు ఎవరం ఏడవలేదు. ఏదో ఒకటి అంటాడని అందరం ఆ గుడ్డ వైపే చూస్తున్నాం.

మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్ళిపోయారు.

బాజీ అన్నా, ఇక నుంచి బండి నువ్వే తిప్పుతావంటున్నారు. నీ గొంతు రికార్డు చేసే ముందు ఒక్కసారి మా గుమ్మం దగ్గర ఆగు. బాబాయి మాట నా ఫోన్లోకి ఎక్కించుకుంటాను. ఎదురుపడి అడిగే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నా.

మిగతా వాళ్ళందరికీ దండం పెడతా. అత్తయ్యకి ఇది చదివి వినిపించకండి. చూశాక మీ ఫోన్లలో తీసేయండి. నేను రాసింది పోయినా పర్లేదు. ఆయన చెప్పింది పోకూడదు.

సెలవు బాబాయ్. ఎండ లేని చోట హాయిగా పడుకో.

లేచాక, దీవెనకి రోజూ విశేషాలు చెప్పు.