అక్క చేతి హిస్సోపు

పోదనూరు రైల్వే కాలనీలో మా వరుసలో ఎవరు కొత్త మొక్క తెచ్చుకున్నా నాటడానికి మా అక్కనే పిలిచేవారు. ఆమెది కైరాశి అనేవారు. ఆమె నాటితే బతుకుతుందని నమ్మకం. కొన్నేళ్ళ కిందట పిలవడం మానేశారు. అందుకు కారణం నేనే కాబట్టి జరిగింది రాస్తున్నాను.

హిస్సోపు పేరు చర్చి ప్రార్థనల్లో వినడమే గానీ మేమెవరం చూసి ఎరగం. అక్క ఊటీ నుంచి విత్తనాలు తెప్పించి, ఎండ బాగా తగిలే గోడ పక్కన, ఇసుక కలిపిన గట్టు మీద పెంచింది. మోకాలెత్తు పొద. కొమ్మ పొడవునా నీలం పూలు. తేనెటీగల రొద వంటింట్లోకి వినిపించేది.

పూత అయిపోగానే కత్తెర తీసుకుని సగానికి కోసేసింది.

"చంపేస్తివి కదక్కా!"

"చుమ్మా ఉండురా, ఊరికే అరవొద్దు. పోయినేడు కొసలు కోసినందుకే ఈయేడు ఇంత పూసింది. నీళ్ళు మాత్రం తక్కువగా పొయ్యి."

ఆ వారమే కూతురి కాన్పుకని మదురై బస్సెక్కింది. ఆ మోళ్ళు చూసి నాకు జాలేసింది. రోజూ బిందెలకొద్దీ నీళ్ళు పోశాను, పేడ వేశాను. ఆమె వచ్చేసరికి మొదలు నల్లగా కుళ్ళిపోయింది. ఇరుగుపొరుగు అడిగితే, "అక్క కత్తిరించిందిగా" అన్నాను. నీళ్ళ సంగతి ఎత్తలేదు.

అక్క వేళ్ళు తవ్వి వాసన చూసింది. నీళ్ళ డ్రమ్ము చాటునుంచి పాత పెయింటు డబ్బా తెచ్చింది. కోసిన రోజే పూలు లేని లేత కొసలు ఏరి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి నీడలో పెట్టిందట. అన్నిటికీ వేళ్ళొచ్చాయి. ఇప్పుడు గోడ పొడవునా అవే. ముదిరి కట్టెబారిన పొద పక్కన ముందే కొత్త కొమ్మ నాటి ఉంచుతుంది. అంత చేసినా ఒక్కరూ ఆమెను పిలవలేదు.

మొన్న ఆదివారం చర్చిలో, అక్క పక్కనే ఉన్నా, నా చేతిలో ఆ పూలు చూసి, మూలింటి అత్త నన్ను మెచ్చుకుంది. ఇక ఆగలేకపోయాను.

"అక్క పెంచినవి అత్తా. అప్పుడు మొక్కని చంపింది కత్తెర కాదు, నేను పోసిన నీళ్ళు."

"ఇన్నాళ్ళు నోట్లో కొళుకట్ట పెట్టుకొని పలక్కుంటివా?" అని నన్ను కసిరి, అక్క వైపు తిరిగింది. "ఏమ్మే, మా ఇంట్లో నాటేకి ఎప్పుడొస్తావు?"

"వాన పోనీ అత్తా. ముందు మీ పెరట్లో ఎండ యాడ పడతాదో చూపించు."

ఇద్దరూ నన్ను అక్కడే వదిలేసి నడిచారు.