ఎల్లేశం పోసిన నూనె

మదీనాగూడ హైవే వెనక, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న రేకుల కొట్టంలో ఎల్లేశానికి మిగిలింది ఒక్క బర్రె. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ పశువు మేత మానేసినా ఆయన దగ్గరికే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. గాలికుంటు వస్తే పటిక నీళ్ళతో గిట్టలు కడిగేవాడు. ఉబ్బరానికి వాము, ఇంగువ నూనెలో కలిపి వెదురు గొట్టంతో పోసేవాడు. డాక్టర్లంటే లెక్కే లేదు. మనిషికి గీర ఎక్కువే, కానీ చేతిలో పనితనం కూడా ఉండేది.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో గృహప్రవేశానికి మిగిలిన బగారా అన్నం మేమే తెచ్చి, పుణ్యమొస్తుందని ఆ బర్రె ముందు గుమ్మరించాం. అప్పుడు ఎల్లేశం ఇంట్లో లేడు. మర్నాడు పొద్దున పాలకు వెళ్తే దాని ఎడమ డొక్క ఉబ్బిపోయి ఉంది. ఎల్లేశం అప్పటికే వాము, ఇంగువ నూనెలో కలుపుతున్నాడు.

మందు పోసేటప్పుడు ఒకరు తల పట్టుకోవాలి. పశువు దగ్గితే వెంటనే వదలాలి, లేకపోతే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ మాట అందరికీ నేర్పింది ఎల్లేశమే. ఇదివరకు తల పట్టడానికి పక్క కొట్టాల వాళ్ళుండేవాళ్ళు. వాళ్ళంతా బర్రెల్ని అమ్మేసుకున్నారు. భార్య రుక్కమ్మకు అంత బలం లేదు. అందుకని బర్రె తల పైకెత్తి తాడుతో దూలానికి బిగించాడు. నేను పాలగిన్నెతో పక్కనే నిలబడ్డాను. పట్టమని ఆయన అడగలేదు, ఆఫీసు బట్టలు పాడవుతాయని నేనూ కదల్లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సగం పోశాక బర్రె దగ్గింది. మనిషి పట్టుకుని ఉంటే వదిలేవాడు. ఎల్లేశం ముడి విప్పేలోపు మరో మూడుసార్లు దగ్గింది. ముక్కులోంచి నూనె కారింది.

మూడో రోజుకు ఆయాసం పట్టుకుంది. నేనే పశువుల డాక్టర్ సౌజన్యను పిలిపించాను. ఆమె స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"ఊపిరితిత్తులు పాడైపోయాయండి. ఇంజెక్షన్ ఇస్తాను గానీ బతకదు. నూనె ఎవరు పోశారు?"

ఎల్లేశం నోరు తెరిచాడు.

"నేనే పోసిన మేడం," అంది రుక్కమ్మ. "ఆయన ఇంట్ల లేకుండె. గిట్లయితదని నాకేమెరుక?"

"తెలియనప్పుడు ఎందుకమ్మా చెయ్యి పెట్టడం? చేతులారా చంపుకున్నారు."

రుక్కమ్మ తల వంచుకుని అన్నీ పడింది.

ఆ సాయంత్రమే బర్రె పోయింది. మర్నాడు పలకరించడానికి వచ్చిన వాళ్ళకు ఎల్లేశమే చెప్పుకొచ్చాడు.

"నేను ఇంట్ల లేకుంటి. ఆమె పోసింది."

రుక్కమ్మ గడపలో కూర్చుని వింటూనే ఉంది.