‘లైన్ బంద్ చేసిన’ అన్న మాట

ఎల్లారెడ్డి దగ్గర ఒక సబ్‌స్టేషన్‌ల నేను ఆపరేటర్‌ను. మా పనిల మాటే పెద్దది. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు నాకు ఫోన్ చేసి లైన్ తియ్యమంటడు. నేను స్విచ్ తీసి "బంద్ చేసిన, ఎక్కు" అంట. నా కండ్లకు అతను కనపడడు, అతనికి నా స్విచ్ కనపడదు. ఆ ఒక్క మాట మీద మనిషి తీగె మీద చెయ్యి పెడతడు. అతను దిగి మల్ల ఫోన్ చేసేదాక నేను స్విచ్ ముట్టుకోవద్దు.

అది శ్రావణమాసం. గాలివానకు నిజాంసాగర్ తొవ్వల ఒక ఊళ్లె తీగె తెగింది. నన్ను అన్నా అని పిలిచే లైన్‌మన్ ఒకతను దాన్ని అతకనీకి పోయిండు. ఇద్దరం ఒక్క బండి మీద తిరిగినోళ్లం, అతని బిడ్డ పుట్టెంట్రుకలకు మా ఇంటోళ్లమంత పోయినం. పొద్దున ఫోన్ చేసిండు. లైన్ తీసిన. "బంద్ చేసిన తమ్మీ, ఎక్కు" అన్న.

కొంచెం సేపటికి అతని ఫోన్‌కెళ్లే మల్ల కాల్ వచ్చింది. పని అయిపోయిందనుకుని ఎత్తిన. ఎవరిదో కొత్త గొంతు.

"మీ మనిషి స్తంభం మీదికెళ్లి పడ్డడు. చెయ్యి కాలింది. పైన మనిషి ఉండంగ కరెంట్ ఎట్ల ఇడిసినవయ్యా?"

స్విచ్ దిక్కు చూసిన. తీసింది తీసినట్టే ఉన్నది. దగ్గరికి పోయి చూసిన. మల్ల చూసిన.

మా ఇంజినీరు సారు జీపుల వచ్చిండు. కూసోలేదు.

"నువ్వే ఏసినవ్. తప్పు తెల్సి మల్ల తీసినవ్."

"లేదు సార్. నేను దాన్ని ముట్టనే లేదు."

"మరి కరెంట్ ఎక్కడికెళ్లి వచ్చింది? ఆకాశంకెళ్లి పడ్డదా?"

నేను చెయ్యలేదని చెప్పగలిగిన గని, ఎట్ల జరిగిందో చెప్పలేకపోయిన. గా రెండోది చెప్పకపోతె మొదటిది ఎవలూ నమ్మరు. విచారణ అయ్యేదాక డ్యూటీకి రావద్దన్నడు. తోటి ఆపరేటర్ తాళాలు తీసుకుంట నా మొఖం చూడలేదు.

అతన్ని కామారెడ్డి దవాఖానకు తీసుకపోయిన్రు. బస్సెక్కి పోయిన. వార్డు బయట అతని భార్య నన్ను చూసి లేచి వచ్చింది. ఎప్పుడూ అన్నా అనేది.

"ఏ మొఖం పెట్టుకొని వచ్చినవ్? నీ మాట నమ్మే కదా ఎక్కిండు!"

చుట్టూ జనం ఆగి చూస్తున్నరు. "నేను ఏయలే చెల్లె" అన్న. నా గొంతు నాకే దొంగ గొంతు లెక్క వినపడ్డది.

ఇంటికొచ్చినంక నా భార్య అడిగింది, "తప్పు చెయ్యలేదంటున్నవ్ కదా, మల్ల గా దవాఖానకెందుకు పోవుడు? పోతే నువ్వే చేసినవనుకుంటరు."

"పోకున్నా అనుకుంటరు."

రోజూ పోయిన. లోపటికి రానియ్యలేదు. దవాఖాన గేటు ముందట చాయ్ బండి కాడ నిలబడి, బయటికొచ్చేటోళ్లను ఎట్లుందని అడిగి తెలుసుకునేటోన్ని. అన్నిటికంటే భయమైంది ఇంకోటి. నా మీద నాకే అనుమానం మొదలైంది. అన్నం తినంగ తినంగ చెయ్యి ఆగేది. స్విచ్ తీసినంక ఏం చేసిన? నీళ్లు తాగిన. అటెన్క? ఎవరన్న ఫోన్ చేసిన్రా? తెల్వకుంటనే నా చెయ్యి దాని మీదికి పోయిందా? అందరు ఒక్కటే మాట అంటుంటే, జరగనిది కూడ జరిగినట్టు కండ్ల ముందట కనపడుతది.

అతను మంచిగ మాట్లాడుతున్నడని తెల్సినంక సారు వాంగ్మూలానికి వచ్చిండు. ఆ దినం నేను వార్డు తలుపు దాక పోయిన. అతని భార్య చూసింది గని ఆపలేదు. లోపటి మాటలు వినపడుతున్నయ్.

"పడే ముందట ఏం యాదికున్నది?" సారు అడిగిండు.

"డీజే మోగింది సార్."

"డీజేనా?"

"ఊళ్లె పెండ్లి ఉండె. అన్న లైన్ తీసినంక డీజే బంద్ అయ్యింది. నేను ఎక్కి తీగె పట్టుకోంగనే ఒక్కసారే మల్ల మోగింది. గంతే యాదికున్నది."

కరెంట్ లేని ఊళ్లె డీజే ఎట్ల మోగుతది? సారు బయటికొచ్చి నన్ను చూసి, "జీపెక్కు" అన్నడు.

గా ఊరికి పోయినం. పెండ్లింటి ముందట పందిరి తీసేసిన్రు, గుంతలు మిగిలినయ్. పెండ్లిపిల్ల నాయిన బయటికొచ్చిండు.

"జనరేటర్ పెట్టిన్రా?"

"పెట్టినం సార్. సుట్టాలొచ్చిన్రు, కరెంట్ పోయె."

"వైరు ఎక్కడ కలిపిన్రు?"

ఇంటి బోర్డు చూపిచ్చిండు. మెయిన్ స్విచ్ తియ్యకుంటనే కలిపిన్రు. జనరేటర్ కరెంట్ ఇంట్ల బల్బులకే కాదు, సర్వీస్ వైరు పట్టుకొని స్తంభం మీది తీగె దాక ఎదురు పోయింది.

"మెయిన్ తియ్యాల్నని మాకేం ఎరుక సార్? కరెంట్ ఇంట్లకే వస్తదనుకున్నం గని..." అని ఆగిండు. సంగతి అర్థమై అరుగు మీద కూలబడ్డడు. ఆయన మీద కోపం వస్తదనుకున్న. రాలేదు.

కరెంట్ వస్తే భూమిలకు దింపే ఎర్త్ గొలుసు తీగెకు తగిలియ్యకుంట అతను ఎక్కిన సంగతి కూడ విచారణల బయటపడ్డది. తగిలిచ్చి ఉంటే అతనికి ఏం కాకపోతుండె. సారు నాతోని మాత్రం ఒక్కటే అన్నడు, "రేపటికెళ్లి డ్యూటీకి రా."

అయిపోయిందనుకున్న. కాలేదు. జనరేటర్ కథ సారు అల్లిండని, ఆపరేటర్‌ను కాపాడుకున్నడని కొందరన్నరు. మా సెక్షన్‌ల అందరికంటే పెద్ద లైన్‌మన్ నేను డ్యూటీల ఉంటే ఫోన్ చేసుడే బంద్ పెట్టిండు. బండేసుకొని సబ్‌స్టేషన్‌కు వచ్చి, తీసిన స్విచ్‌ను కండ్లతోని చూసి పోయేటోడు. మొదటిసారి చెంప మీద కొట్టినట్టయింది. కొట్లాడుదమనుకున్న. అటెన్క ఆలోచించిన. ప్రాణం ఆయనది.

ఇంకోసారి వచ్చినప్పుడు స్విచ్‌కు తాళమేసి తాళంచెవి ఆయన చేతుల పెట్టిన.

"జేబుల పెట్టుకో అన్నా. నువ్వు తెచ్చిచ్చేదాక నేను ఏద్దామన్నా ఏయలేను."

తాళంచెవి దిక్కు చూసి, నా దిక్కు చూసి జేబుల ఏసుకున్నడు. అప్పటికెళ్లి ఎవరు వచ్చినా గట్లనే ఇచ్చిన. ఫోన్ చేసినోళ్లను గొలుసు తగిలిచ్చినవా అని అడగకుంట ఎక్కు అనలేదు. కొందరు ఇసుక్కున్నరు. మాటలు పడ్డ.

వానకాలం పోయి యాసంగి నాట్లు పడ్డయ్. ఒకనాడు పెద్ద లైన్‌మన్ ఫోన్ చేసిండు.

"గంత దూరం రానీకి కాదు. బంద్ చేసినవా?"

"చేసిన. గొలుసు?"

"తగిలిచ్చిన."

"ఎక్కు అన్నా" అన్న.

"ఎక్కుతున్న" అన్నడు.

ఎండకాలంల ఆ తమ్ముడు పనిలకు వచ్చిండు. కాలిన చెయ్యి ఇంక పూర్తిగ మూసుకోదు, అయినా ఎక్కుతనన్నడు. మొదటిసారి ఎక్కే దినం అతని ఫోన్ కంటే ముందు అతని భార్య ఫోన్ వచ్చింది. దవాఖాన కాడ అన్న మాటల తర్వాత మేము మాట్లాడుకోలేదు.

"ఇయ్యాల డ్యూటీల ఎవరున్నరు?"

"నేనే ఉన్న."

వెనక బిడ్డ అల్లరి వినపడుతున్నది.

"గట్లయితే మంచిది" అని పెట్టేసింది.

అతను పని చేసి దిగేదాక నేను కుర్సీల కూసోలేదు.