నాన్న స్వెటర్ ఉడికిన రోజు

మా చిన్నప్పుడు... చలికాలం వస్తే చాలు, అన్నం వార్చిన పొయ్యి మీదే ఇంకో డేక్సా ఎక్కించి ఉన్ని ఉడికించేది అమ్మ.

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో రేవు కూలీల క్వార్టర్లు మావి. ఒక గది, ముందు సన్నటి వరండా, అందులో బొగ్గుల పొయ్యి. నాన్న రేవులో కళాసీ. శ్రీకాకుళం వైపు నుంచి ముందు తను వచ్చి, తర్వాత తమ్ముణ్ణి తెచ్చుకున్నాడు... మా అప్పన్న చిన్నాన్న. ఇద్దరిదీ ఒకే డ్యూటీ. చిన్నాన్న భోజనం మా ఇంట్లోనే.

అమ్మకు కురుశ్ నేర్పింది పక్కింటి బెంగాలీ పిన్ని, మాషీమా. అదే, కొక్కెం సూదితో అల్లే అల్లిక. బజార్లో పాత స్వెటర్లు కొని, విప్పి, ఆ ఉన్నితోనే అల్లేవారు. మాషీమా ముందు ఒక పోగు కాల్చి వాసన చూసేది. వెంట్రుకలు కాలిన వాసన వస్తే అసలు ఉన్ని. లేకపోతే నైలాను... అది ఎంత ఉడికించినా ముడుచుకోదు.

ఆ ఉన్నితో చేతిసంచులు చేసేవాళ్ళం. ఉడికితే ముడుచుకుపోతుంది కాబట్టి ముందు బాగా పెద్దగా, వదులుగా అల్లాలి. సబ్బు తురుము, చాకలి సోడా వేసి ఉడికించాలి. పీట మీద వేసి రుద్దాలి. చన్నీళ్ళలో ముంచాలి. మళ్ళీ వేణ్ణీళ్ళు, మళ్ళీ రుద్దుడు... అల్లిక కన్నాలు మాయమయ్యేదాకా. చివరికి కంబళిలా మందంగా దగ్గరపడేది. కత్తెర పెట్టినా పోగు ఊడేది కాదు.

రుద్దడం నా పని. వేళ్ళు ముడతలు పడి తెల్లగా అయిపోయేవి. గిల్లుకున్నా తెలిసేది కాదు.

ఆ ఏడు అమ్మ నాన్నకు స్వెటర్ మొదలుపెట్టింది. ముదురు నీలం. ఇది ఉడికించేది కాదు, ఒంటికి సరిపడా అల్లింది. ఒక చెయ్యి మిగిలి ఉండగా నాన్నకు కామెర్లు ముదిరాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళారు... తిరిగి రాలేదు.

అమ్మ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఊరి నుంచి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి చూసి, వాళ్ళే ఏడ్చి వెళ్ళిపోయారు. నేను స్కూలుకు వెళ్ళాను. బోర్డు మీద ఉన్నది రాసుకున్నాను. కరెంటు పోయేది, వచ్చేది. రోడ్డు మీద ఎర్రజెండాల ఊరేగింపు వెళ్తుంటే అలవాటుగా వరండాలోకి వచ్చి నిలబడేదాన్ని... చూస్తున్నానని కూడా అనిపించేది కాదు.

కర్మలు అయిపోయాక అమ్మ మిగిలిన చెయ్యి అల్లడానికి కూర్చుంది.

"ఆర్ కేనో, బౌమా?" అంది మాషీమా. ఇంకా ఎందుకమ్మా అని.

"ఒక సెయ్యే గదా మాషీమా, ఉండిపోనాది" అంది అమ్మ, తల ఎత్తకుండా.

పూర్తి చేసి మేకుకు తగిలించింది. అది అలాగే ఉండేది. మేం దాని కిందే పడుకునేవాళ్ళం.

ఒకరోజు అన్నం తింటూ చిన్నాన్న అడిగాడు. "ఒదినా... అన్నియ్య సొట్టరు నానేసుకుంటాను. ఊరికే ఉంటే పురుగులు తినేత్తాయి. రేవులో సలికి సచ్చిపోతన్నాను."

అన్నాక ఆ మాట తన చెవికే తగిలినట్టు కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు.

అడగడంలో తప్పేముంది... కొలత కూడా సరిపోతుంది. వెనక నుంచి చూస్తే ఆయనా నాన్నలాగే ఉంటాడు. అమ్మ ఇంకాస్త చారు పోసింది.

ఆదివారం నేను నిద్ర లేచేసరికి మేకు ఖాళీగా ఉంది. వరండాలో డేక్సా పొగలు కక్కుతోంది. నీలం చెయ్యి ఒకటి పైకి తేలుతుంటే అమ్మ కర్రతో లోపలికి నొక్కుతోంది.

"అమ్మా, అది నాన్నది."

"తెలుసు. పీట అట్రా."

ఇద్దరం రుద్దాం. నీలం నీళ్ళు వరండా అంతా పారాయి. మాషీమా వచ్చి చన్నీళ్ళ బకెట్టు అందించింది, పొయ్యిలో బొగ్గులు వేసింది. ఉడికించి, రుద్ది, ముంచి... మధ్యాహ్నానికి అది నాకైనా పట్టనంత చిన్నదైపోయింది. అట్టలా గట్టిపడింది.

ఎండలో బాగా ఆరాక, ఓ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన చిన్నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేటి సేసినావు ఒదినా?"

"ఇప్పుడెవులికీ పట్టదు."

"ఇవ్వనంటే ఊరుకుందును గదా."

అమ్మ అంది, "నువ్వేసుకోని ఆ గుమ్మంలోంచి వత్తే నాను సూళ్ళేను, అప్పన్నా."

చిన్నాన్న గడప మీద కూలబడ్డాడు. మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాన్న పోయాక మా ఇంటి మనిషి ఏడవడం నేను చూసింది అప్పుడే. నేను గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

అమ్మ స్వెటర్ వీపు భాగం కత్తిరించి నేల మీద పరిచింది. నా పలక దగ్గరున్న సుద్దముక్క తీసుకుంది.

"కాలెట్టు" అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"బూట్లల్లో ఏసుకుందువు గాని. ఎట్టు."

చిన్నాన్న పాదం పెట్టాడు. అమ్మ దాని చుట్టూ గీత గీసింది. తర్వాత రెండో పాదం. గీతల వెంట కత్తిరించి ఇచ్చింది. మిగిలిన ముక్కలు నా స్కూలు బూట్లలో కూడా వేసింది. ఆ చలికాలమంతా చిన్నాన్న వాటిని రబ్బరు బూట్లలో వేసుకునే రేవుకు వెళ్ళాడు.

"ఇప్పుడు చలెయ్యట్లేదా చిన్నాన్నా?" అని అడిగాను ఒకసారి.

"కాళ్ళకి ఎయ్యట్లేదు పాపా" అన్నాడు.

ఇప్పుడు ఎవరైనా పోతే చుట్టూ చేరి మాట్లాడించాలని చూస్తున్నాం. ఏడిస్తే తేలికపడతావు, ఏడువు అంటున్నాం. అప్పుడు అమ్మను ఎవరూ ఏడవమనలేదు... నీళ్ళు పోశారు, పొయ్యిలో బొగ్గులు వేశారు. ఏది మంచిదో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ ఇళ్ళలో పోయినవాళ్ళ బట్టలు ఏం చేశారు... చెప్పాలనిపిస్తే చెప్పండి.